ఆరో గొడ్డలి

ఆగస్టు 6, 1990, సోమవారం

పెద్దక్కా, నీ మోకాలు ఎట్లుంది? ఆముదం కాచి పట్టు వేస్తున్నావా, చెప్పింది నేను కదా అని మానేశావా? బావ రామసుబ్బయ్యకు దగ్గు తగ్గిందా? బీడీ మానేశానని పోయిన జాబులో రాయించాడు, నేను నమ్మలేదు. నాయనా మహేష్, నీ చెవిలో చీము ఆగిందా? చెవిలో పుల్లలు పెట్టొద్దు. కోడలు రమాదేవికి ఇది ఏడో నెల. కాళ్లకు నీరొస్తే ఉప్పు తగ్గించమని చెప్పు, నేను చెప్పానని చెప్పొద్దు. బర్రెకు గాలికుంటు పోయిందా? ఇక్కడ నేను క్షేమం.

కళావతి క్షేమం అడగను. నా కూతురు ఊళ్లో లేదు, ఈ కువైట్‌లోనే బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. కారులో అరగంట దూరం. అంత దగ్గర ఉన్నదాన్ని జాబులో అడగడమేమిటి.

ఈ జాబు ఎక్కడికీ పోదు. గురువారం తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్లోకి వచ్చేసింది. పోస్టు లేదు, ఫోను లేదు. ఈ ఇంటి యజమానిని బాబా అంటాం, ఆయన మనవరాలు సగం రాసి వదిలేసిన నోటుపుస్తకంలో రాస్తున్నాను. నేను మూడో తరగతి దాకా చదివాను. జాబు రాయడం తప్ప ఇంకో రాత నా చేతికి రాదు. అందరి క్షేమం అడగందే కలం ముందుకు కదలదు, అందుకే అడిగాను. ఇది నాకోసమే.

బాబా, ఆయన భార్య మామా జూలైలో పిల్లల్ని తీసుకుని లండన్ పోయారు, బాబా కళ్లకు ఆపరేషన్ అని. మిష్రిఫ్‌లో ఇంత పెద్ద ఇంట్లో ఇద్దరమే ఉన్నాం, నేనూ, పిల్లల్ని చూసుకోవడానికి మే నెలలో వచ్చిన ఫిలిప్పీన్స్ పిల్ల పొలోనియా. పోయేటప్పుడు బాబా తాళాలు నా చేతిలో పెట్టి, "నరసమ్మా, ఇల్లు నీకు అమానతు" అన్నాడు. నమ్మి అప్పగించడం అన్నమాట. నమ్మకం మంచిదే, కానీ నిద్ర పట్టనివ్వదు.

ఆగస్టు 8

ఫోను ఎత్తి చూశాను. శబ్దం లేదు. ఎవరికీ చేయాలని కాదు, ఊరికే చూశాను.

ఆగస్టు 9, గురువారం

గురువారం గొడ్డళ్లకు నూనె రాసే రోజు. పోయిన గురువారం రాయలేదు. ఈ ఇంటికి వచ్చి పద్నాలుగేళ్లు, ఈ పని నాకిచ్చి ఎనిమిదేళ్లు, అదొక్కటే తప్పింది.

ముందుగదిలో, బాబా స్నేహితులు వచ్చి కూర్చునే చోట, గోడకు తొమ్మిది గొడ్డళ్లు ఉంటాయి. మనం కట్టెలు కొట్టేలాంటివి కావు. ఫిలిప్పీన్స్ కొండల్లో ఉండే జాతుల వాళ్లవి. ముందు పదును, వెనక కొంగముక్కులాంటి పొడుగాటి మొన. బాబా వయసులో ఉన్నప్పుడు ఓడల పని మీద ఆ దేశం పోయి, కొండలెక్కి ఒక్కొక్కటీ తెచ్చుకున్నాడు. ఒక్కో గొడ్డలికి దారంతో ఒక అట్టముక్క వేలాడుతుంది. దానిమీద అంకె, ఏ జాతిది, ఏ ఊరిది అని ఇంగ్లీషులో బాబా రాత. భూతద్దం పెట్టుకుని గంటలు గంటలు చూసి రాస్తాడు. ఒక్కోసారి కొట్టేసి మళ్లీ రాస్తాడు.

ఈ ఇంటికి వచ్చిన ఆరో ఏడు నేనొక పని చేశాను. పండగ ముందు ఇల్లంతా కడుగుతూ, ఆరో గొడ్డలి నల్లగా మసిపట్టి ఉందని దించి, చింతపండూ బూడిదా వేసి పీచుతో తోమాను. మా అమ్మ ఇత్తడి బిందె తోమినట్టు. అద్దంలా వచ్చింది. బాబా మెచ్చుకుంటాడని కొంగుతో తుడిచి మరీ తగిలించాను.

బాబా దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అరవలేదు. అరిచి ఉంటే మరిచిపోయేదాన్ని. "నరసమ్మా, ఆ నలుపే దీని పేరు. ఏ పొయ్యి మీద, ఎన్నేళ్లు పొగ తాగిందో దాన్ని బట్టే తెలిసేది" అన్నాడు. తర్వాత "ఖలాస్" అన్నాడు, అయిపోయిందని. అప్పటి నుంచి నన్ను నూనె మాత్రమే రాయమన్నాడు. కొబ్బరినూనె, మెత్తటి గుడ్డతో, మొనవైపు నుంచి.

ఈ రోజు రాశాను. సీసాలో ఇంకా ముక్కాలు వంతు ఉంది.

జూలై మూడో శుక్రవారం కళావతి వచ్చినప్పుడు కూడా నేను నూనే రాస్తున్నాను. గురువారం పని కొంత మిగిలిపోయి. అది గడపలో నిలబడి, "మా, ఇంగ చాలు. ఊరికి పోదాం, ఇద్దరమూ పోదాం" అంది. వీటిని ఎవరు చూస్తారే అన్నాను. ఏదో నోటికొచ్చింది అన్నాను. దాని మొహం మారిపోయింది.

"ఈ ఇనప ముక్కలకు వారం వారం నూనె పెడ్తాండావు. నా తలకు నూనె పెట్టి ఎన్నేండ్లయిందో ఎప్పుడన్నా లెక్కేసుకున్యావా?"

చెప్పులేసుకుని పోయింది. నేను తెచ్చిపెట్టిన టీ చల్లారిపోయింది. నేను కోపగించుకోలేదు. అది కూడా కోపగించుకుని ఉండదు, ఎండకు అట్లా మాట్లాడింది.

ఆగస్టు 12

ఒంటరిగా ఉండలేనని పొలోనియాను కింద నాతో పడుకోమన్నాను. ఈ రోజు మొదటిసారి ముందుగదిలోకి వచ్చింది. అంతకు ముందు దాని పని మేడ మీదే. గొడ్డళ్లను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

దాని మాట కొంచెం అరబ్బీ, కొంచెం ఇంగ్లీషు, మిగిలింది చేతులు. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. నన్ను 'ఇనా' అంటుంది. వాళ్ల కొండభాషలో అమ్మ అని.

"ఇనా, ఇవి మావి."

"మీవేంది? బాబావి."

"బాబావే. కానీ మావి."

వీటితో తలలు నరికేవారని బాబా స్నేహితుడెవరో చెప్తుంటే విన్నాను. అడిగేశాను. అది పకపకా నవ్వింది.

"మా తాత తాత కాలంలో ఇనా! మా అమ్మ దీంతో పంది మాంసం కొడుతుంది. కట్టెలు కొడుతుంది. మా నాన్న మామగారింటికి పెళ్లప్పుడు ఇచ్చింది కూడా గొడ్డలే. మీ ఇంట్లో కత్తిపీట లేదా? దాంతో మీరు తలలు నరికారా?"

నా పక్కన చాప మీద పడుకునే పిల్ల. నేను కాసేపు జరిగి పడుకున్నాను గానీ తర్వాత మామూలే.

అట్టముక్కలు దానిచేత చదివించాను. అన్నీ చదివింది. ఆరో దాని దగ్గర ఆగింది. "ఆరు అని ఉంది. కింద ఖాళీ."

ఎనిమిదేళ్లుగా ఆ అట్టను చూస్తున్నాను. అన్నిటికంటే గొప్పది కాబట్టి బాబా పేరు రాయలేదేమో అనుకునేదాన్ని. అట్లా అనుకోవడం బాగుండేది.

ఆగస్టు 13

పొలోనియా ఈ రోజు గొడ్డళ్లన్నీ దించి నేల మీద పరిచింది. నేను కిందపెట్టొద్దని మొత్తుకుని దుప్పటి వేశాను.

పదును నెలవంకలా లోపలికి వంగి, మొన పొడుగ్గా ఉంటే కలింగ వాళ్లది అంది. పదును తిన్నగా, వెడల్పుగా ఉంటే బొంతొక్ వాళ్లది. కలింగ పిడికి నడుమ ముల్లులాంటి చిన్న మొటిమ ఉంటుంది, చెయ్యి జారకుండా వేలికి ఆనుతుంది. ఒకదానికి బాబా తప్పు రాశాడట. "బాబాకు ఉత్తరం రాయాలి, మూడోది బొంతొక్ కాదని" అంది. పెద్ద పంతులమ్మ!

ఆరోదాన్ని చేతిలోకి తీసుకుంది. ఇనుము వైపు చూడనే లేదు. మెడ దగ్గర పేము బద్దతో అల్లిన కట్టు ఉంటుంది, బొటనవేలితో దాన్ని తడిమింది. ఒక చోట గోరుతో ఎత్తి, లోపల చూసి, మళ్లీ నొక్కేసింది.

"తోక లోపల దాచారు. రెండు చుట్లు చుట్టి, చివర లోపలికి. కింది ఊళ్ల వాళ్లు తోక బయటికి వదిలేస్తారు. లోపల దాచేది మా లోయలోనే. మా తాత ఇట్లాగే కట్టేవాడు."

"మీ తాతదా?"

"మా తాతది కాదులే ఇనా. మా లోయలో ఎవరో తాతది."

నలుపు పోయినా పేరు పోలేదన్నమాట. కట్టు మీద ఉంది, చూడ్డం తెలిసినవాళ్లకు. బాబాకు చెప్పాలి. లండన్ ఎంత దూరమో. బ్నీద్ అల్ గార్‌కు కూడా చెప్పలేకపోతున్నాను.

పొలోనియా గొడ్డలి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. వాళ్ల ఊళ్లో ఇప్పుడు వరి కోత అంట. నాకు మా పెన్న ఇసుక వాసన వచ్చింది. ఎందుకో.

ఆగస్టు 17, శుక్రవారం

కళావతి వచ్చే రోజు. రాదని నాకు తెలుసు. రోడ్ల మీద సైన్యం ఉంది, ఎట్లా వస్తుంది. అందుకే ఎదురుచూడలేదు. ముగ్గురికి వండాను, బియ్యం ఎక్కువ పడ్డాయి.

ఆగస్టు 19

గ్యాస్ అయిపోయింది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేశాను. పొలోనియా పాత చెక్కపెట్టెలు పగలగొడుతుంటే చప్పుడుకు వెళ్లి చూశాను. చేతిలో ఆరో గొడ్డలి!

"నీ చేతులు ఇరగ! అది అమానతు!"

"పని చెయ్యడానికే కదా పుట్టింది ఇనా. చూడు, ఎంత బాగా తెగుతోందో."

నిజంగానే బాగా తెగుతోంది. ఎటూ నేను చెడగొట్టిందే కదా అని ఊరుకున్నాను. అయినా పని అయ్యాక నేనే కడిగి, తుడిచి, నూనె రాశాను.

ఆగస్టు 21

నాగరాజు వచ్చాడు. మా పక్క ఊరి వాడు, నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. నీళ్లు పోసేవాణ్ని సైన్యం కూడా ఆపడంలేదట. నీళ్లు వాళ్లకూ కావాలి కదా.

"అత్తా, కళావతి బాగుండాది" అన్నాడు గేటు దాటకముందే. నేనేమీ అడగలేదు.

మన దేశం వాళ్లను బస్సుల్లో జోర్డానుకు, అక్కణ్నుంచి విమానంలో బొంబాయికి తీసుకుపోతున్నారట. కళావతి తన పేరూ నా పేరూ రాయించిందట. ఇరవై నాలుగో తేదీ బస్సు. నా పాసుపోర్టు బాబా గొడ్డళ్ల కింది సొరుగులోనే ఉంది, తాళం నా మొలలోనే ఉంది.

"నేనెట్లా వచ్చేది నాగరాజూ? ఈ ఇల్లు ఎవరు జూస్తారు, ఈ గొడ్డళ్లు..."

"అత్తా, ఆ గొడ్డళ్లను నువ్వు కన్యావా, నిన్ను అవి కన్యాయా?"

"నోరు ముయ్‌రా."

"సరే, ముయ్యమంటే మూస్తా. ఆయమ్మకు ఏం జెప్పమంటావు?"

"పొమ్మని చెప్పు. నాకోసం ఆగొద్దని చెప్పు. దోవలో నీళ్లు కాచి తాగమని చెప్పు. బస్సులో కిటికీ పక్కన కూర్చోవద్దని చెప్పు, వడగాలి కొడుతుంది. తలకు గుడ్డ కట్టుకోమను."

"ఇన్ని చెప్పే బదులు నువ్వే రారాదా అత్తా" అన్నాడు. ఇంకోమాట చెప్పిపోయాడు. ఇంట్లో ఆయుధం దొరికితే ఉన్నవాళ్లను బతకనివ్వరని చెప్పుకుంటున్నారట.

నేను బాబా అమానతు కోసమే ఆగాను. కూతురి ముందు నిలబడలేక కాదు.

ఆగస్టు 24

ఈ రోజు బస్సు. పోయి ఉంటుంది. మంచిదైంది.

ఆగస్టు 25

మంచిదే అయింది.

ఆగస్టు 26, ఆదివారం

వచ్చారు. పొద్దున పదిగంటలకు.

నలుగురు. పెద్దవాడికి నలభై అయిదు దాటి ఉంటాయి, దవడ వాచి, చెవుల మీదుగా గుడ్డ కట్టుకుని ఉన్నాడు. మేడ ఎక్కారు, దిగారు. టీవీ మోసుకుపోయారు. తర్వాత ముందుగది తలుపు తీశారు.

"సిలాహ్!" అని అరిచాడు ఒకడు. ఆయుధాలు అని. తుపాకీ మా వైపు తిప్పాడు. పొలోనియా నా చెయ్యి పట్టుకుంది.

గోడ మీద ఎనిమిది ఉన్నాయి. ఆరో మేకు ఖాళీ.

నాకు భయం వేస్తే నోరు ఆగదు. పుట్టినప్పటి నుంచీ అంతే. ఏమేమి అన్నానో. "అయ్యా, ఆయుధం కాదు, వంటింటి సామాను, చూపిస్తా రా" అని వచ్చిన అరబ్బీ అంతా పోసి, దవడ వాచిన ఆ పెద్దాయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను. సైన్యం వాడి చొక్కా! లాగాను. వచ్చాడు. పెరట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పక్కన చెక్కలో దిగి ఉంది ఆరో గొడ్డలి, తళతళా మెరుస్తూ. దాని చుట్టూ పేళ్లు. నేను దాన్ని పీకి ఒక చెక్క చీల్చాను. సరిగా తెగలేదు. పొలోనియా తీసుకుని, ఒక్క దెబ్బలో రెండు చేసి, ఇంకోటి పెట్టి చీల్చి, పొయ్యిలో తోసింది. పుట్టినప్పటి నుంచీ అదే పని చేసినట్టు. నిజమే కదా.

ఆయన వంగి చూశాడు. ఇనుము మీద నలుపు లేదు, నెత్తురు లేదు, పాతదనం లేదు. వంటింటి సామానులాగే ఉంది. చింతపండు పెట్టి తోమింది నేనే కదా.

"మరి అవన్నీ గోడకెందుకు?"

"బాబాకు పిచ్చి. ఉన్నవాళ్ల పిచ్చి నీకు తెలీదా నాయనా?"

నవ్వబోయి దవడ పట్టుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. లవంగం ఉంది, నమిలి ఆ పన్ను మీద పెట్టుకో, వేడినీళ్లలో ఉప్పు వేసి పుక్కిలించు, ఇట్లా ఎండలో తిరగొద్దు అన్నాను. లోపలికి పోయి లవంగాలు తెచ్చి దోసిట్లో పోశాను. తుపాకీ పట్టుకున్నవాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

పెద్దాయన లవంగం బుగ్గన పెట్టుకుని, గొడ్డలి తీసుకుని తనూ ఒక దెబ్బ వేశాడు. ఇంకోటి వేశాడు. నచ్చింది. భుజాన వేసుకున్నాడు. మాకూ రొట్టెలు కాల్చుకోవడానికి కట్టెలు కావాలి అన్నాడు.

గేటు దాకా పోయి వెనక్కి వచ్చాడు. "అమ్మా, మిగతావి గోడ మీద నుంచి తీసెయ్. నా తర్వాత వచ్చేవాడికి పన్ను నొప్పి ఉండకపోవచ్చు."

ఆగస్టు 27

పొలోనియా మాట్లాడలేదు. అన్నం తినలేదు. నేనూ అడగలేదు.

ఆగస్టు 30, గురువారం

ఎనిమిదీ దించాం. ఒక్కొక్క దానికీ మందంగా నూనె రాశాను, మొనవైపు నుంచి, బాబా చెప్పినట్టే. పాత దుప్పటి చింపి చుట్టి, పైన బియ్యం సంచులు చుట్టి, అట్టముక్కలు ప్లాస్టిక్ సంచిలో వేసి కట్టి, పాతిపెట్టాం. ఎక్కడో రాయను. మంచిదే ఈ పుస్తకం, కానీ పుస్తకాలకు కూడా కళ్లుంటాయి.

తవ్వుతూ తవ్వుతూ పొలోనియా మాట్లాడింది.

"ఇనా, అది పనికి పోయింది."

"ఏది?"

"ఆరోది. రొట్టెల పొయ్యి దగ్గర పనిలో ఉంది. గోడ మీద కంటే మేలు." చేత్తో ముక్కు తుడుచుకుంది, మట్టి అంటుకుంది. "నీ చింతపండు లేకపోతే మనిద్దరం ఇక్కడ ఇట్లా తవ్వుకుంటూ ఉండం. మనల్నే ఎవరో తవ్వి పెట్టేవాళ్లు."

నవ్వాను. తర్వాత ఏడ్చాను. ఎనిమిదేళ్లయింది ఆ తప్పు మోసి.

ఆరో అట్టముక్క మాత్రం పాతలేదు. ఖాళీ చోట నేనే రాశాను, తెలుగులోనే: 'ఇది పొలోనియా వాళ్ల లోయది. మెడ కట్టు తోక లోపల దాచి ఉంటే ఆ లోయ గుర్తు. నల్లగా ఉండేది, నేను తోమినాను. మమ్మల్ని కాపాడి సైన్యం వాడితో పోయింది. నరసమ్మ.' బాబాకు తెలుగు రాదు. ఎవరిచేతనైనా చదివించుకుంటాడు. ఇన్నేళ్లు మా జాబులు మేం ఒకరిచేత చదివించుకోలేదా.

గోడ మీద తొమ్మిది మేకులు మిగిలాయి. గురువారం ఇక చేసే పని లేదు. చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పద్నాలుగేళ్ల తర్వాత ఈ ఇంట్లో నేను ఆగడానికి ఇనుముతో పని లేదు. మరి ఎందుకు ఆగాను అని అడిగితే ఏం చెప్పను. కూతురేమో పోయింది.

అది చిన్నప్పుడు తలంటుకు ఏడ్చేది కాదు. నూనె పెడుతుంటే నా మోకాళ్ల మధ్య కూర్చుని నిద్రపోయేది. తల ఇటు వాలితే ఇటు, అటు వాలితే అటు. ఎన్నేళ్లయిందో ఈ రోజు లెక్కవేశాను. పద్నాలుగు. నేను విమానం ఎక్కిన ముందు రోజు.

సెప్టెంబరు 4, మంగళవారం

నాగరాజు వచ్చాడు. ట్యాంకరు ఆపకముందే తల బయటపెట్టి అరిచాడు.

"అత్తోయ్! నీ కూతురు బస్సెక్కలే!"

నేను పోయి గేటు తీశాను.

"నీ మాటలన్నీ చెప్తి. నీళ్లు కాచుకోమనింది, కిటికీ కాడ కూచోవద్దనింది, తలకు గుడ్డ కట్టుకోమనింది అని. ఆయమ్మ అంతా విని, 'మా యమ్మ నామీద కోపంగా లేదన్నమాట' అనింది. మూట ఇప్పేసింది. అమ్మ వచ్చిందాకా కదలనని కూచునింది. పదో తేదీ బస్సుకు మళ్లీ ఇద్దరి పేర్లూ రాయించినాది."

"నా మీద కోపంగా లేదా?"

"అది నువ్వే అడుగుపో. ఇద్దరి మధ్యనా నీళ్లు మోసినట్టు మాటలు మోయలేక సస్తాండా."

ముందు సీట్లో పొలోనియా కూడా పడుతుంది. నన్ను కళావతి దగ్గర, దాన్ని వాళ్ల దేశం వాళ్లున్న చోట దింపుతానన్నాడు. దానికి చెప్తే, తల ఊపి, పెరట్లో కోసి ఆరబెట్టిన ఖర్జూరపు ఈనెలతో కూర్చుంది. ఏదో కడుతోంది. రెండు చుట్లు, తోక లోపలికి. అది నా తాళాల గుత్తికట. బాబాకు ఇచ్చేటప్పుడు చూస్తే, ఏ లోయదో ఆయనకు తెలుస్తుందట.

తోవలో సైన్యం ఆపితే ఏం చెయ్యాలో. ట్యాంకరు చెడిపోతే. కళావతికి జ్వరం వచ్చి ఉంటే. నాగరాజు కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోతున్నాడో లేదో. ఇల్లు తాళం వేసి పోతే బాబా ఏమంటాడో. ఏమీ అనడు. ఖలాస్ అంటాడు.

పాసుపోర్టు మొలలో కట్టుకున్నాను. అట్టముక్క జాకెట్లో పెట్టుకున్నాను. కొబ్బరినూనె సీసాలో గొడ్డళ్లకు పోను అడుగున నాలుగు వేళ్లంత మిగిలింది, మూత బిగించి గుడ్డ చుట్టాను. ఒక తలకు సరిపోతుంది.

శుక్రవారం, ఏడో తేదీ, పొద్దున తొమ్మిదికి నాగరాజు గేటు దగ్గరికి వస్తాడు.